మా ఇంటి నంబరు మీద జబ్బుపడ్డ ఊరు

ఆసుపత్రి మొత్తానికి సరిగ్గా పనిచేసే ఏసీ ఒక్కటే ఉండేది. ఆపరేషన్ థియేటర్లో అనుకుంటారేమో, కాదు, కంప్యూటర్ గదిలో. రోగులు వరండాలో చెమటలు కక్కుతూ విసనకర్రలతో విసురుకుంటుంటే ఆ పెట్టె మాత్రం చల్లగా కూర్చునేది. ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి. సీపీయూకి పసుపు రాసి బొట్టు పెట్టారు. దానికి జరిగిన మర్యాద ఆ ఆసుపత్రిలో మనిషన్నవాడికి ఎవడికీ జరగలేదు. రెసిడెంట్లకైతే అసలే జరగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. పలాసకీ టెక్కలికీ మధ్య హైవే పక్కన ఆ ట్రస్టు ఆసుపత్రి ఉండేది. పేరు చెప్పను, చెప్పి ఒరిగేదీ లేదు. ఎంబీబీఎస్ అయ్యాక జనరల్ మెడిసిన్ చదువుకుంటూ అక్కడే రెసిడెంటుగా పనిచేశాను. అంటే పెద్ద డాక్టర్ల తిట్లూ, రోగుల చుట్టాల తిట్లూ రెండూ పడి, ఆ తర్వాత టైముంటే చదువుకోవడం. మా ఇల్లు పలాసలోనే. నాన్న ఆఫీసు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అమ్మది ఉద్దానం. అక్కుపల్లి వైపు, కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. అమ్మకి ఒక్కడే తమ్ముడు, నా మేనమామ. నేను 'మావా' అనేదాన్ని. నా చిన్నప్పుడు జీడితోటలో నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని పళ్లు కోయించిన మనిషి.

మావకి కిడ్నీలు పోయాయి. షుగరు లేదు, బీపీ లేదు, మందు ముట్టడు, బీడీ కూడా కాల్చడు. తెల్లారితే తోట, పొద్దుగూకితే ఇల్లు. అలాంటి మనిషికి కాళ్లు వాచి, తిన్న ముద్ద తిన్నట్టు బయటికొస్తుంటే రక్తపరీక్ష చేయించాను. కాగితం నమ్మక మళ్లీ చేయించాను, అదే వచ్చింది. మా ఉద్దానంలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. నీళ్లన్నారు, మట్టన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు హూనం చేసుకోవడం అన్నారు. అనేవాళ్లు అన్నారు, పోయేవాళ్లు పోయారు. మావ వారానికి రెండుసార్లు డయాలసిస్ మంచం ఎక్కాల్సిన మనిషయ్యాడు.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ హైదరాబాదు నుంచి వచ్చింది. దాన్ని రాసిన మహానుభావుడు ఉద్దానం అన్న పేరైనా విని ఉండడు. కిడ్నీ రోగి వివరాలు ఎక్కించేటప్పుడు జబ్బుకి కారణం అన్నచోట ఒక బాణం గుర్తు ఉండేది. నొక్కితే కొన్ని మాటలు కిందికి దిగేవి. షుగరు, బీపీ, రాళ్లు, పుట్టుకతో వచ్చిన లోపం. అందులో ఏదో ఒకటి నొక్కితేగానీ పేజీ ముందుకు కదలదు. 'తెలియదు' అన్న మాటకి మాత్రం అందులో చోటు లేదు. ఆ జబ్బు గురించి మాకందరికీ తెలిసిన నిజం అదొక్కటే!

నేను ఆ బాణం దగ్గర ఆగిపోయి గింజుకుంటుంటే కంప్యూటర్ ఆపరేటరుకి నవ్వొచ్చేది. టెక్కలి మనిషి, పెళ్లాం పిల్లలున్నవాడు, చెడ్డవాడేమీ కాదు.

"బీపీ కొట్టెయ్యండి మేడమ్, సేవ్ అయిపోద్ది," అనేవాడు.

"ఈయనకి బీపీ లేదండీ బాబూ."

"రేపొత్తాది కద మేడమ్. కిడ్నీలు పోయినోడికి బీపీ రాకెక్కడికి పోద్ది?"

అతనన్నది తప్పు కాదు, అదే నా ఒళ్లు మండించేది. బీపీ వల్ల కిడ్నీలు పోవడానికీ, కిడ్నీలు పోయాక బీపీ రావడానికీ మధ్య ఒక రైతు బతుకు మొత్తం ఉంది. ఆ తేడా ఆ పెట్టెకి అక్కర్లేదు. మావ పేరు పక్కన కూడా చివరికి బీపీ అనే పడింది. నెల తిరిగేసరికి డైరెక్టర్ గారు మీటింగులో కళ్లజోడు సర్దుకుని, ఈ ప్రాంతం వాళ్లు ఉప్పు ఎక్కువ తింటున్నారు, బీపీ వల్లే కిడ్నీలు పాడవుతున్నాయని కంప్యూటర్ చెబుతోంది అని సెలవిచ్చారు. ఎవరు చెప్పారు కంప్యూటరుకి? మేమే! మేం బలవంతంగా నోట్లో కుక్కిన మాటని అది మళ్లీ మాకే అప్పజెప్పింది.

ఆసుపత్రిలో ఇంటర్నెట్టు ఉందంటే ఉంది. రిసెప్షన్ ఫోను, ఆ ఇంటర్నెట్టు ఒకటే లైను. మోడెం కీచుకీచుమని అరిచి, అటు కలిసేలోపు ఎవరో ఒకరు రిసీవరెత్తి "అలో" అనేవారు. అంతే, తెగిపోయేది. అందుకని సెలవు దొరికితే కాశీబుగ్గలో నెట్ సెంటరుకి పోయేదాన్ని. ప్లైవుడ్ చెక్కల అరలు, మోకాళ్లు పట్టని బల్లలు. పక్క అరల్లో కాలేజీ కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూ చాటింగు చేసుకునేవారు. వెనకవైపు జీడిపిక్కలు కాల్చే పొగ కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చునేది. అక్కడ దగ్గుకుంటూ నేను ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇలా కారణం లేకుండా రైతుల కిడ్నీలు పోతున్నాయా అని వెతికాను.

పోతున్నాయి. యూరపులో బాల్కన్ దేశాలంటారే, అక్కడ నదుల పక్క పల్లెల్లో ఉందట. ఇంకా వేరే చోట్లా ఉందట. ప్రతి వ్యాసానికీ పైన ఒక్క పేరా కనిపించేది. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టమనేది, కార్డు నంబరు కొట్టమనేది. మా ఇంట్లో ఏ కార్డుంది? రేషన్ కార్డుంది. ఆ రైతులెవరో మా మావలాంటి వాళ్లు, వాళ్ల రక్తం తీసి రాసిన వ్యాసం మా మావని చూసుకునే డాక్టరుకి అందదు. స్క్రీనుని ఒక్కటి పీకాలనిపించేది.

అయినా ఆ పై పేరాల్లోంచే ఒక సంగతి పట్టుకున్నాను. ఎక్కడ చూసినా ఈ జబ్బు ఊళ్లని పట్టి ఉంటుందట. ఒక ఊళ్లో ఇంటికొకరు పడతారు, కూతవేటు దూరంలో ఉన్న మరో ఊళ్లో ఒక్కరూ ఉండరు. షుగరూ బీపీ అలా ఊరు చూసి రావు కదా! అంటే కారణం గడిలో మేమెంత చెత్త నింపినా, రిసెప్షన్లో రోగులే చెప్పి రాయించే అడ్రసు గడిలో నిజం ఉంటుంది. ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తున్నారో తీసి చూపిస్తే చాలు, ఇది ఉప్పు గొడవ కాదని డైరెక్టర్ గారికైనా అర్థమవుతుందనుకున్నాను. మహా తెలివైనదాన్నని సంబరపడిపోయాను.

అదే సమయానికి ఎవరో దాత ఆసుపత్రికి ఒక వ్యాను ఇచ్చాడు. డయాలసిస్ రోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని, అయ్యాక ఇంటి దగ్గర దింపే వ్యాను. ఒకే వ్యాను కాబట్టి రోగులు ఎక్కువున్న వైపే తిప్పుతామన్నారు. ఎటు తిప్పాలో కంప్యూటర్ చెబుతుందన్నారు. మావ ఊరి నుంచి పలాసకి ఆటో, పలాస నుంచి హైవే మీదికి బస్సు, మళ్లీ నడక. డయాలసిస్ అయ్యాక ఆ మనిషి నిలబడితే తూలేవాడు. ఆ తూలుడుతోనే మళ్లీ నడక, బస్సు, ఆటో. వ్యాను వాళ్ల ఊళ్లోకి వస్తే మావ ఇంకొన్నాళ్లు బతుకుతాడు, రాకపోతే విసిగిపోయి ఒకరోజు మానేస్తాడు. మానేస్తే ఇక అంతే. నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

ఆపరేటరు ఊళ్లవారీగా తీశాడు. ప్రింటరు గరగరమని కాగితం కక్కింది. మావ ఊరి ఎదురుగా సున్నా ఉంది. చుట్టుపక్కల ఊళ్లూ దాదాపు అంతే. ఆ ఊళ్లన్నీ ఉన్న వజ్రపుకొత్తూరు మండలంలో జనమంతా దుక్కల్లా ఉన్నారన్నమాట! పలాస మాత్రం నిండిపోయింది. అందులోనూ ఒకే వీధి, ఆ వీధిలో ఒకే ఇంటి నంబరు.

"మేడమ్, ఇది మీ ఇల్లే కదండీ?" అన్నాడు ఆపరేటరు. "ఇంతమంది ఎలగ సరిపోతన్నారండీ మీ ఇంట్లో? వంతులేసుకుని పడుకుంతన్నారేటి?"

నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా ఇంటికెళ్లాను. అమ్మ వసారాలో కూర్చుని చేపలు కడుగుతోంది. ఇదేమిటని అడిగితే తలెత్తి కూడా చూడలేదు.

"నానే సెప్పాను, మా ఇంటి నంబరు రాయించండీ అని. తమ్ముడికీ సెప్పాను, ఆ ఊరోలందరికీ సెప్పాను. ఏటయిందిప్పుడు?"

"ఏటవడమేంటమ్మా! వాళ్లు ఉండేది ఒకచోట, రాయించింది ఒకచోట!"

"మరి ఆ ఆల్లో మైకులో ఏటని పిలుత్తారో నీకు తెల్దేటే? డాట్రువి, లోపల కూకుంతావు. మైకు ఇనేది మేం."

నిజమే, నేనెప్పుడూ ఆ మైకుని పట్టించుకోలేదు. హాల్లో రోగుల్ని వంతు ప్రకారం మైకులో పిలిచేవారు. మా వైపు మగవాళ్లలో సగం మందివి దేవుళ్ల పేర్లే, ఒకే పేరుకి నలుగురు లేచి నిలబడేవారు. అందుకని కంప్యూటర్లో ఏముంటే అది, పేరు, ఊరు, డిపార్టుమెంటు, అన్నీ కలిపి చదివేవారు. ఫలానాయన, ఫలానా ఊరు, డయాలసిస్ అని. ఆ హాల్లో జ్వరాలకొచ్చినవాళ్లు, కాన్పులకొచ్చినవాళ్లు, టెక్కలి నుంచీ సోంపేట నుంచీ వచ్చినవాళ్లు అందరూ కూర్చుని ఉంటారు. ఊరి పేరు పక్కన ఆ మాట రెండుసార్లు వినపడితే చాలు, ఆ ఊరికి పిల్లనిచ్చేవాడు ఉండడు. అప్పటికే ఉద్దానం సంబంధం అంటే బయటివాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. ఇస్తే మా పిల్ల విధవ అవుతుందని మొహం మీదే అనేస్తున్నారు.

మావకి ఒక్కడే కొడుకు. నాకంటే చిన్నవాడు. "ఆడు పెద్దోడయ్యుంతే నీకే కట్టేద్దుం, నా పేణానికి సుఖముండేది," అని మావ నన్ను ఏడిపించేవాడు. ఆ కుర్రాడికి సంతబొమ్మాళి వైపు సంబంధం ఒకటి నడుస్తోంది. మీ ఊళ్లో ఆ జబ్బుందట కదా అని వాళ్లడిగారు. అబ్బే, మా ఊళ్లో లేదు, పక్కూళ్లో ఉంది అని మావ చెప్పాడు. పక్కూరి వాళ్లూ అదే చెబుతారు.

"ముహూర్తం అయిపోయినాక అడ్రసు మారుసుకుంతాడు గాని, నువ్వు నోరు మూసుకుని కూకో," అంది అమ్మ.

నేను కూర్చోలేదు. డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లి ఆ అడ్రసులు తప్పండీ, అది మా ఇల్లు, అక్కడ అమ్మా నాన్నా నేను తప్ప ఎవరూ ఉండరు అని చెప్పాను.

"నువ్వు చెప్పేది మాటమ్మా. ఇది డేటా," అన్నారు ఆయన. "తప్పయితే పేషెంట్లనే వచ్చి రాతపూర్వకంగా మార్పించుకోమను."

వాళ్లెందుకు మార్పించుకోరో చెప్పాను. ఆయన విన్నారు. విని, చదువు లేని జనం అని తల అడ్డంగా ఊపారు. మైకులో ఊరి పేరు చదవడం మానమని బతిమాలాను. అది సిస్టమ్‌లో ఉందమ్మా అన్నారు. అదేదో పైనుంచి దేవుడు పెట్టినట్టు!

ఆ పై వారం మా ఇంటికి సీసాలు పట్టుకుని మనుషులొచ్చారు. రోగులు ఎక్కువున్న చోట నీళ్లు పరీక్ష చేయాలని డైరెక్టర్ గారి ఆర్డరు. మా కుళాయి కింద సీసాలు పెట్టి నింపుకున్నారు. పెరట్లో నూతిలోంచి కూడా తోడుకున్నారు. నాన్న లుంగీ పైకి కట్టి, మా నీళ్లకేం రోగమయ్యా అని వాళ్లతో వాదించాడు. వీధంతా గోడల మీంచి తొంగి చూసింది. మర్నాటి నుంచి పక్కింటావిడ మా నూతి వైపు చూడ్డం మానేసింది, పనిమనిషి ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుంది. ఫలితాలు వచ్చాయి. నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయట. కాబట్టి ఈ జబ్బుకీ నీళ్లకీ సంబంధం లేదని డైరెక్టర్ గారు తేల్చేశారు. ఎవరి నీళ్లు తాగి ఎవరు చస్తున్నారు, ఎవరి నీళ్లు ఎవరు పరీక్ష చేశారు! తల బాదుకోవాలనిపించింది.

వ్యాను పలాస టౌనుకి ఇచ్చారు. తెల్లటి వ్యాను, పక్కన దాత గారి పేరు ఇంత పెద్ద అక్షరాలతో. పొద్దున్నే మా గేటు ముందు ఆగి హారన్ కొట్టేది. మావా, వాళ్ల ఊరివాళ్లూ చీకటుండగానే ఊళ్లో బయలుదేరి, ఆటోల్లో ఇరుక్కుని మా ఇంటికొచ్చి, అదేదో రాత్రంతా మా ఇంట్లోనే పడుకుని లేచినట్టు ఆ గేటులోంచి నడిచి వ్యాను ఎక్కేవారు. నాటకం! సాయంత్రం వ్యాను మళ్లీ మా గేటు ముందే దింపేది. మావ మా వసారాలో బల్ల మీద అడ్డంగా పడిపోయేవాడు. దాహం, దాహం అనేవాడు. కిడ్నీలు పోయినవాడికి నీళ్లు కొలిచే ఇవ్వాలి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరతాయి. అమ్మ సగం గ్లాసు నీళ్లు ఇచ్చి, మిగతా సగం తనే తాగేసేది, అతను అడక్కుండా. సొంత తోటలో కొబ్బరికాయలు రాశులు పోసుకున్న మనిషికి, కొబ్బరినీళ్లు గుక్కెడు తాగినా అందులోని పొటాషియానికి గుండె ఆగుతుందని నేనే చెప్పాను. "నా సెట్టు నన్నే సంపుద్దేటమ్మీ," అని నవ్వేవాడు. తూలుడు తగ్గాక చివరి ఆటో పట్టుకునేవాడు.

ఒకరోజు నాకు తిక్కరేగి, ఆపరేటరు భోజనానికి లేచినప్పుడు నా పాస్‌వర్డుతోనే మావ అడ్రసు మార్చేశాను. పలాస తీసేసి, సొంత ఊరు కొట్టాను. సేవ్ అయింది. ఒక్కడిదైనా నిజం ఉండనీ అనుకున్నాను.

తర్వాతి వంతుకి మావ హాల్లో కూర్చుని ఉన్నాడు. మైకులో అతని పేరు, ఊరి పేరు, డయాలసిస్ అని వినపడింది. మావ కదల్లేదు. మళ్లీ పిలిచారు. తల వంచుకుని చేతిలో సంచి తాడు మెలిపెడుతున్నాడు. నేను గబగబా వెళ్లి, "లే మావా, నిన్నే పిలుస్తున్నారు," అన్నాను.

"ఎవుల్ని పిలుత్తన్నారో నాకేటి తెలుసు," అన్నాడు, నా మొహం చూడకుండా. "నాది పలాస."

ఆ రోజు డయాలసిస్ చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. వాచిన కాళ్లతో మెట్లు దిగుతుంటే వెనకాలే పరిగెత్తి బతిమాలాను. ఆగకుండా రోడ్డెక్కి బస్సుకి చెయ్యెత్తాడు. వెనక్కొచ్చి పలాస అని తిరిగి కొట్టాను. మార్చేశానని అమ్మ చేత కబురు పంపాకే వచ్చాడు. వచ్చి మంచం మీద పడుకుని, నాకు చెయ్యి చాపి, "కోపమేటమ్మీ? ముహూర్తం దాటనీ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సూది గుచ్చాను.

వైశాఖంలో పెళ్లి అయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, పందిట్లో అందరూ పలచని బట్టల్లో ఉంటే, మావ మాత్రం మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. డయాలసిస్ కోసం చేతికి చేసిన ఆపరేషన్ వల్ల మోచేతి కింద నరం ఉబ్బి పాములా మెలి తిరిగి ఉంటుంది, అది కనపడకూడదని. పెళ్లికూతురి తండ్రి చొక్కా లేకుండా పీటల మీద కూర్చున్నాడు, పట్టు కండువా ఒంటి నిండా కప్పుకుని. పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి ముందుకు వంగాడు. కండువా జారింది. ఎడమచేతి మీద ఉబ్బిన నరం.

నాకు ఆ చేతులు తెలియవూ? రోజూ పట్టుకునేవే కదా. ఆయనదీ మా ఆసుపత్రేనని తర్వాత తెలిసింది. నేను లేని రోజుల్లో, టెక్కలిలో ఎవరో చుట్టం ఇంటి అడ్రసు మీద వచ్చేవాడు. మావ పక్కనే నిలబడి చూశాడు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావ వంగి, ఆ కండువా తీసి వియ్యంకుడి చేతి మీద జాగ్రత్తగా కప్పాడు.

"ఎండగా ఉంది బావగారూ," అన్నాడు. మంత్రాలు ఆగలేదు.

పెళ్లి హడావుడి తగ్గాక మావని మా ఇంటి వసారాలో పట్టుకున్నాను. "ఇంకేంటి మావా అడ్డం? నువ్వు దాచిందే ఆయనా దాచాడు. పెళ్లయిపోయింది. అందరూ వచ్చి ఊరు మార్పించుకోండి. వ్యాను మీ ఊరికొస్తుంది."

"ఆయనకింకో కొడుకున్నాడమ్మీ. మనూరి పేరు బయటికొత్తే సుట్టపోలమని ఆలూరి పేరూ వత్తాది. మనూళ్లో మాత్రం పెళ్లికెదిగిన గుంటలు ఎంతమంది నేరు? ఆలందరి నోట్లో మట్టి కొట్టమంతావా?"

"నువ్వు చచ్చిపోతావు మావా!" అని అరిచాను. వంటింట్లో అమ్మ గిన్నె కింద పడేసింది.

"నాను సచ్చిపోయేవోణ్ణని నాకు తెల్దేటి?" అన్నాడు మావ, మెల్లగా. "ఆ వ్యానేదో మనింటి ముందుకి వత్తంది కదా. సాల్లే."

చాలలేదు. ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. తుపాను ఒకటి తీరం దాటుతూ ఉద్దానం మీద కూర్చుంది. కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి, కల్వర్టుల మీంచి నీళ్లు పారాయి, ఆటోలు ఆగిపోయాయి. పలాస టౌన్లో రోడ్లు బాగానే ఉన్నాయి. వ్యాను టైముకి మా గేటు ముందుకొచ్చి, హారన్ కొట్టి, ఎవరూ రాకపోతే ఖాళీగా వెళ్లిపోయింది. మళ్లీ వంతు రోజు అలాగే వచ్చింది, అలాగే వెళ్లింది. ఆ ఊళ్లో ఫోనున్న ఇంటికి చేసి చేసి నా వేళ్లు నొప్పెట్టాయి. లైను లేదు. వ్యాను వాళ్లని ఆ వైపు ఒక్కసారి పంపమని డైరెక్టర్ గారిని అడిగాను. ఆ ఊళ్లో మనకి పేషెంట్లు లేరు కదమ్మా అన్నారు. కంప్యూటర్ ముందే కూర్చుని అన్నారు.

ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరిపోయాక మావని ట్రాక్టరు మీద ఎక్కించారట. తొట్టిలో పడుకుంటే ఊపిరి ఆడక, కొడుకు వెనక కూర్చుని ఎత్తి పట్టుకున్నాడట. చెట్లు నరుక్కుంటూ సగం దారి వచ్చారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగారు.

దినాలు అయ్యాక మరణ ధ్రువపత్రం తెచ్చి ఆపరేటరుకి ఇచ్చాను, మావ పేరు తీసేయమని. అతను కళ్లు తుడుచుకున్నాడు, నాకు కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. కొట్టి చూశాడు. మళ్లీ కొట్టి చూశాడు.

"తీసుకోటం నేదు మేడమ్. పంచాయతీ ఇచ్చినదాంట్లో ఊరు యేరే ఉంది, ఇక్కడ పలాస ఉంది. కలిత్తేగాని క్లోజవ్వదు. హైదరాబాదోలకి రాత్తాను."

రాశాడేమో. అక్కడివాళ్లు చదివారో లేదో. నేను రెండోసారి అడగలేదు, ఆ గదిలోకి వెళ్లబుద్ధి కాలేదు. ఆ పెట్టె లెక్కలో మా మావ బతికే ఉన్నాడు, బీపీతో, పలాసలో, మా ఇంట్లో.

అందుకని మిగతావాళ్లతో పాటు మావ కోసం కూడా వ్యాను వస్తూనే ఉంది. నేను ఇంటికొచ్చిన ఒక పొద్దున అది నా కళ్లముందే జరిగింది. ఊరివాళ్ల ఆటోలు ఇంకా రాకముందే గేటు ముందు హారన్ మోగింది. డ్రైవరు కొత్తవాడు. కాగితం చూసి మావ పేరు గట్టిగా చదివాడు. అమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే బయటికి నడిచింది. నేను వెళ్తానుండు అన్నా ఆగలేదు. గేటు పట్టుకుని నిలబడింది.

"ఈ ఇల్లు ఆడిది కాదు బాబూ," అంది. "ఆడు ఈ ఊరోడు కాదు." తర్వాత వీధి మొత్తానికి వినపడేలా, ఇన్నాళ్లూ పెదవి దాటనివ్వని తన పుట్టింటి ఊరి పేరు చెప్పింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెప్పింది. "ఆడిదా ఊరు. నా తమ్ముడిదా ఊరు. ఆ ఊరోలందరికీ కిడ్నీలు పోతన్నాయి. అక్కడికెల్లండి బాబూ, ఈ బండి అక్కడికి తోలండి."

పక్కింటావిడ గోడ మీంచి చూస్తోంది. అమ్మ ఎవరి వైపూ చూడలేదు. డ్రైవరు పాపం మర్యాదస్తుడు. వ్యాను దిగి, చేతిలో కాగితం పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికాడు.

"ఆ ఊరు మా రూట్లో లేదమ్మా," అన్నాడు.